పప్పు ఉడకని నీళ్ళు, టీడీఎస్ పెన్ను, మా అపార్ట్‌మెంట్ గొడవ

మా అత్తయ్యది రాజమండ్రి. గోదావరి నీళ్ళతో వండుకు తిన్న మనిషి. హైదరాబాద్ నిజాంపేటలో మా ఫ్లాటుకు వచ్చినప్పుడల్లా వంటింట్లోకి వచ్చి "పప్పు ఏ నీళ్ళతో పెట్టావు అమ్మాయ్?" అని అడుగుతారు. బోరు నీళ్ళంటే ఆవిడకు పడదు. అందులో తప్పేం లేదు. బోరు నీళ్ళతో కందిపప్పు పెడితే ఎన్ని విజిల్స్ వచ్చినా బద్ద బద్దగానే ఉంటుంది. నీళ్ళలోని కాల్షియం పప్పు కణాలను అతికించి ఉంచే పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరుస్తుంది. చిటికెడు వంటసోడా వేస్తే మెత్తబడుతుంది గానీ, ఆ వాసన అత్తయ్య ముక్కుకి ఇట్టే తెలిసిపోతుంది.

హైదరాబాద్ కింద ఉన్నదంతా గ్రానైటు. ఆ రాతి పగుళ్ళలో నిలిచిన నీళ్ళే మన బోర్లలోకి వస్తాయి. రాతిలో ఎంతకాలం ఉంటే అంత ఖనిజాలు కరుగుతాయి. మెట్రో వాటర్, అంటే నగరానికి వాటర్ బోర్డు ఇచ్చే కుళాయి నీళ్ళ సంగతి వేరు. అవి కృష్ణా, గోదావరి, మంజీరా నీళ్ళు. కృష్ణా నీళ్ళు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో వస్తాయి. అవి వచ్చే రోజు మా బిల్డింగులో పండగే. కాకపోతే అందరి అవసరాలకూ చాలవు. మిగతాదంతా బోరు, ఎండాకాలం ట్యాంకరు. ఆ ట్యాంకరు నీళ్ళూ ఎక్కడో ఒక బోరువే!

మొన్న గీజరు పాడైతే మెకానిక్ ఎలిమెంట్ బయటకు తీశాడు. రాగి గొట్టమని చెబితే తప్ప తెలియదు. చుట్టూ వేలు మందాన తెల్లటి గార. స్క్రూడ్రైవర్‌తో కొడితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. "ఈ ఏరియాలో అన్ని గీజర్లూ ఇంతే మేడమ్, వేడి తగ్గించి పెట్టుకోండి" అన్నాడు. సరైన సలహా. వేడి పెరిగేకొద్దీ గార ఎక్కువ కడుతుంది. పైగా గార కట్టిన ఎలిమెంట్ ముందు తనను తాను కాల్చుకుని, ఆ తర్వాత నీళ్ళను వేడి చేస్తుంది. కరెంటు బిల్లులో దానికో వరుస ఉండదు కాబట్టి మనకు కనబడదు.

మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు ట్రెజరర్‌ని నేనే, కాబట్టి గొడవంతా నా నెత్తికే వచ్చింది. ట్యాంకు దగ్గర సాఫ్ట్‌నర్, అంటే నీళ్ళ కఠినత్వం (గార కట్టించే కాల్షియం, మెగ్నీషియం) తగ్గించే యంత్రం పెట్టించాం. పెట్టించిన వారంలోపే మూడో అంతస్తు అంకుల్ టీడీఎస్ పెన్ను (నీళ్ళలో కరిగిన లవణాలు మొత్తం ఎంతో చూపించే పరికరం) పట్టుకొచ్చి, సాఫ్ట్‌నర్‌లోకి వెళ్ళే నీళ్ళలో, బయటకు వచ్చే నీళ్ళలో ముంచి చూపించారు. అంకె దాదాపు అదే. "మనల్ని మోసం చేశారమ్మా" అని వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టేశారు. ఇక నా ఫోను ఆగలేదు.

ఇందులో మోసం లేదు. సాఫ్ట్‌నర్ సిలిండర్‌లో రెజిన్ పూసలుంటాయి. అవి కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. అందుకే అప్పుడప్పుడూ ఉప్పు నీళ్ళతో కడిగి వాటిని మళ్ళీ సిద్ధం చేయాలి. ఉప్పు బస్తాల ఖర్చు దానికే. కరిగిన లవణాలు మారాయి గానీ తగ్గలేదు. మొత్తం ఎంత ఉందన్నదే పెన్ను చెప్పగలదు. కఠినత్వం తెలియాలంటే ల్యాబుకి ఇవ్వాలి. బీటెక్ మొదటి ఏడాది కెమిస్ట్రీ ల్యాబులో ఈడీటీఏ అనే రసాయనం చుక్కలు వేస్తూ, వైన్ రంగు ఎప్పుడు నీలంగా మారుతుందా అని కళ్ళు కాయలు కాచేలా చూశాం కదా, అదే పరీక్ష. భారతీయ ప్రమాణం ప్రకారం తాగే నీళ్ళ కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలు. వేరే దిక్కు లేకపోతే 600 వరకు సర్దుకోవచ్చు. మా బోరుది 600 దాటింది. సాఫ్ట్‌నర్ తర్వాత బాగా తగ్గింది. రిపోర్టు గ్రూపులో పెట్టాను. అంకుల్ బొటనవేలు గుర్తొకటి పెట్టి ఊరుకున్నారు.

ఇంట్లో చేసుకునే పని ఒకటి చెప్తాను. షవర్ చిల్లులు పూడుకుపోతే ప్లాస్టిక్ కవర్‌లో వెనిగర్ పోసి రాత్రంతా దానికి కట్టి ఉంచండి. కెటిల్‌కైతే కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు చాలు. బాత్రూమ్ యాసిడ్ మాత్రం కుళాయిల దగ్గరకు రానివ్వకండి. మా పనమ్మాయి ఓసారి శ్రద్ధగా రుద్దేసరికి క్రోమ్ పోయి లోపలి ఇత్తడి బయటపడింది. పాలరాయి మీదైతే వెనిగర్ కూడా వద్దు, మచ్చ పోదు.

కిడ్నీలో రాళ్ళొస్తాయని మా బిల్డింగులో అందరికీ టెన్షనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం నీళ్ళ కఠినత్వానికి ఆరోగ్యపరంగా పరిమితేమీ పెట్టలేదు. జుట్టు గురించి నన్నడగకండి, నాది పీచులా ఉండటానికి వేరే కారణాలూ ఉన్నాయి. కుంకుడుకాయ రసం మాత్రం బోరు నీళ్ళలోనూ బాగానే నురుగొస్తుంది. సబ్బులా తెట్టు కట్టదు. అత్తయ్య ఎప్పటినుంచో చెప్తున్న మాట ఇది.

ఇప్పుడు కొత్త ప్రతిపాదన: మెట్రో నీళ్ళకు విడిగా చిన్న ట్యాంకు, ప్రతి వంటింటికీ రెండో కుళాయి. ప్లంబర్ చెప్పిన రేటు విని రెండో అంతస్తు వాళ్ళు అప్పుడే వద్దంటున్నారు. వాళ్ళింట్లో పప్పు ఎలా ఉడుకుతోందో జనరల్ బాడీ మీటింగులో అడుగుతాను.