టెస్టర్ ఇచ్చి రావడానికి నలభై నిమిషాలు

డిసెంబర్ 21, ఆదివారం రాత్రి

పొద్దున్నుంచి పెద్దగా జరిగిందేమీ లేదు. బట్టలు ఉతికాను, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాను, రేపటి ఆఫీసు పని తలుచుకుని కొంచెం టెన్షన్ పడ్డాను, అంతే. సాయంత్రం సంగతి మాత్రం రాసుకోవాలి.

అటక మీంచి క్రిస్మస్ లైట్ల పాత సీరియల్ సెట్ దింపాం. ప్లగ్గు పెడితే సగం వెలిగింది, సగం వెలగలేదు. దాన్ని సీరియల్ సెట్ అని ఎందుకంటారో మా పాపకి ఇవాళే తెలిసింది. బల్బులన్నీ సిరీస్‌లో, ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, కరెంటు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లాలి, మధ్యలో ఒక్కటి ఊడినా ఆ వరసంతా ఆరిపోతుంది. వీధి చివరి మాస్టారి దగ్గర టెస్టర్ అడిగి తెచ్చుకుని ముందు ప్లగ్‌పాయింటూ ఫ్యూజూ చూశాను, రెండూ బాగానే ఉన్నాయి. ఇంక ప్లగ్గు తీసేసి ఒక బల్బు లాగడం, ఆ చోట వెలిగే బల్బు గుచ్చడం, మళ్లీ ప్లగ్గు పెట్టి చూడటం, ఇదే పని. పదిహేడో బల్బు దగ్గర దొరికింది. దాని కింద వెంట్రుకంత సన్నటి తీగలు రెండుంటాయి కదా, వాటిలో ఒకటి సాకెట్‌లోకి దిగకుండా పైకి మడతపడి ఉంది. గోటితో సరిచేసి గుచ్చితే మొత్తం వెలిగింది. పాప గెంతింది, నేనూ గెంతాను.

ఒక్క నీలం బల్బు మాత్రం వెలగలేదు. మరి అది వెలగకపోయినా మిగతావి ఎందుకు ఆరిపోలేదని పాప పట్టుకుంది. లోపలి ఫిలమెంట్ తెగిపోయినా దాని కింద చుట్టి ఉన్న ఇంకో చిన్న తీగ కరెంటుకి దారి ఇస్తుందని చెప్పాను. "అంటే అది వెలగకపోయినా మిగతావాటిని వెలగనిస్తోందా" అంది. అంతే అన్నాను.

తర్వాత టెస్టర్ తిరిగిచ్చి రావడానికి బయల్దేరాం. ఐదు నిమిషాల నడక. నలభై నిమిషాలు పట్టింది, ఎందుకంటే ప్రతి ఇంటి ముందూ ఆగాం. ఏడాదిలో రాత్రి అన్నిటికన్నా పొడుగ్గా ఉండే రోజులు కదా ఇవి, ఆరింటికే బాగా చీకటి పడింది, వీధిలో ఏ చిన్న లైటైనా బాగా కనిపిస్తోంది. ఒకరి మేడ మీంచి కిందిదాకా తెరలా వేలాడే లైట్లు. ఇంకొకరి గేటు మీద లైట్లు ఒకదాన్నొకటి తరుముతున్నట్టు పరిగెడుతుంటే పాప వాటితోపాటు గేటు ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తి చూసింది. ఆగి ఉన్న కారు అద్దం మీద మంచు పట్టి ఉంది, ఒక్కో చుక్కలో ఒక్కో రంగు, వేలితో గీస్తే రంగులన్నీ కలిసి కిందికి జారాయి. ఈ వీధిలో ఇన్నేళ్లుగా తిరుగుతున్నాను, ఎప్పుడూ ఏదో ఒక పని మీదే నడిచాను.

కరెంటు లేని కాలంలో క్రిస్మస్ చెట్టుకి ఏం పెట్టేవాళ్లమ్మా అని పాప అడిగింది. కొవ్వొత్తులు. నిజం కొవ్వొత్తులే, ఎండిపోతున్న కొమ్మల మీద, నిప్పంటుకుంటే ఆర్పడానికి పక్కన నీళ్ల బకెట్ పెట్టుకుని. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ దగ్గర పనిచేసే ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో చెట్టుకి 80 చిన్న బల్బులు, ఎరుపు, తెలుపు, నీలం, చేత్తో వైరింగ్ చేసి పెట్టాడు, చెట్టు గుండ్రంగా తిరిగేలా కూడా చేశాడు. అప్పట్లో అది డబ్బున్నవాళ్ల ముచ్చట. ఇప్పుడు మా వీధిలో అన్ని ఇళ్లకీ అందింది, నాకు దీన్ని తలుచుకుంటేనే సంతోషంగా ఉంటుంది.

మాస్టారింటికి వచ్చేసరికి ఇంకేం లైట్లు లేవు. ఒక్క కాగితం స్టార్, లోపల ఒక్క పసుపు బల్బు, వరండాలో వేలాడుతోంది. అంతే. ఇద్దరం అక్కడే అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడ్డాం. దగ్గరకెళ్లి చూస్తే ఒక కొమ్ము చిరిగితే లోపలివైపు నుంచి వేరే కాగితం అతికించారు, రెండు పొరలు పడ్డ ఆ చోట వెలుతురు కొంచెం ముదురుగా, నారింజ రంగులో వస్తోంది. గాలికి స్టార్ తిరిగినప్పుడల్లా గోడ మీద దాని పుల్లల నీడలు పెద్దవై చిన్నవవుతున్నాయి.

"ఎన్నేళ్లయింది మాస్టారూ ఇది చేసి?"

"పుల్లలు పాతవేనమ్మా. కాగితం చిరిగినప్పుడు మారుస్తుంటాను" అన్నారు. లోపలికెళ్లి పాప కోసం కాగితం, కత్తెర తెచ్చి ఒక కొమ్ము ఎలా మడవాలో చూపించారు. ఇలాంటి కాగితం స్టార్ ఒకటి జర్మనీలో మొరేవియన్ అనే క్రైస్తవ సంఘం వాళ్ల బడిలో 19వ శతాబ్దంలో లెక్కల పాఠంగా మొదలైందని ఆయనే చెప్పారు. పాప మడత నాలుగుసార్లు తప్పింది, ఆయన నాలుగుసార్లూ విప్పి మళ్లీ చేతికిచ్చారు, ఒక్కసారి కూడా లాక్కుని తానే చేసేయలేదు. నేనైతే లాక్కునేదాన్ని.

ఈ ఏడాది కొత్త సెట్లు రెండు కొనాలని అనుకున్నాను, బాల్కనీ నిండా వేద్దామని. మెట్లెక్కుతుంటే గుర్తొచ్చింది, ఎందుకనుకున్నానో నాకే అర్థం కాలేదు. ఉన్న సెట్‌నే కిటికీ చుట్టూ మేకులకి తగిలించాం. వెలగని నీలం బల్బు తీసి వేరేది పెడతానంటే పాప ఒప్పుకోలేదు. "దాన్ని అక్కడే ఉండనీ" అంది.

ఇప్పుడు పదకొండు దాటింది. గదిలో లైటు తీసేశాను, పాప నిద్రపోయింది, మడతపెట్టిన కాగితం కొమ్ము దిండు పక్కనే ఉంది. కిటికీ వెలుతురులోనే ఇది రాస్తున్నాను, పేజీ మీద ఒకచోట ఎర్రగా, ఒకచోట పచ్చగా పడుతోంది.