దేవరకొండ పాలబండి: ఒక రాజ్‌దూత్‌ను తిరిగి రోడ్డెక్కించిన నా అనుభవం

ఆర్‌ఎక్స్ 100కో, యెజ్డీకో ఇవాళ పలుకుతున్న ధరలు చూసినవారికి పాత బండి అంటేనే డబ్బున్నవారి సరదా అనిపించవచ్చు గాని, ఎస్కార్ట్స్ సంస్థ తయారుచేసిన రాజ్‌దూత్ 175కు అంత గిరాకీ ఇంకా రాలేదు. పోలండ్ దేశపు ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 నమూనా ఆధారంగా 1960లలో మన దేశంలో తయారీ మొదలైన ఈ బండికి 173 సీసీ టూస్ట్రోక్ ఇంజను, మూడు గేర్లు, 6 వోల్టుల కరెంటు తప్ప చెప్పుకోదగ్గ సోకులేవీ లేవు. పాల క్యాన్లు, పచ్చిగడ్డి మోపులు, ఎరువుల బస్తాలు మోయడానికే పుట్టిన బండి అది. దేవరకొండ వైపు ఒక ఊళ్లో పశువుల కొట్టంలో ఏళ్ల తరబడి కదలకుండా నిలబడిపోయిన 1991 నాటి రాజ్‌దూత్‌ను, ఇంటివారు పాత ఇనుము సామాన్లవాడికి వేయబోతుండగా, ఆరు వేల రూపాయలిచ్చి నేను తీసుకున్నాను.

డబ్బు చేతిలో పెట్టే ముందు నేను చూసింది ఇంజను కాదు, కాగితాలు. ఇంజనుకు ఎక్కడో ఒకచోట సామాను దొరుకుతుంది, పోయిన ఆర్‌సీ పుస్తకానికి మాత్రం అంత సులువుగా దారి దొరకదు. ఏపీ 24 నంబరుతో ఉన్న ఆ పుస్తకం ఇంటి యజమాని పేరిట ఉంది, ఆయన కాలం చేశారు. అలాంటప్పుడు మరణ ధ్రువీకరణ పత్రంతో, మిగతా వారసుల సమ్మతితో ఫారం 31 పెట్టి ముందు ఆయన భార్య పేరిట మార్పించి, ఆ తర్వాతే 29, 30 ఫారాలతో కొన్నవారి పేరిట ఎక్కించుకోవాలి. ఆ పెద్దమ్మ ఓపికగా నాతో ఆర్టీఏ ఆఫీసుకు వచ్చి సంతకాలు పెట్టకపోయి ఉంటే ఈ పని ముందుకు సాగేదే కాదు. పదిహేనేళ్లు దాటిన బండికి ఫారం 25తో దరఖాస్తు చేసి తనిఖీలో నెగ్గితే రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకు పొడిగిస్తారు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు మనకు వర్తిస్తాయేమోనని కొందరు మిత్రులు అడిగారు. అవి మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన వాహనాలకే చెల్లుతాయి, పైగా అలా నమోదైన బండిని రోజువారీ పనికి వాడకూడదు. కనుక నా రాజ్‌దూత్ చట్టం దృష్టిలో వింటేజ్ కాదు, ఉత్త పాత బండి.

నల్లగొండలో ప్రకాశం బజారు దగ్గర, టూస్ట్రోక్ బండ్ల మీదే జీవితం గడిపిన ఒక పెద్దాయన దుకాణముంది. అందరూ ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తారు. ట్రాలీ ఆటోలోంచి బండి దించగానే ఆయన అన్న మొదటి మాట, “సార్, కిక్కు మీద కాలు పెట్టకుండ్రి” అని. ఏళ్లపాటు నిలిచిపోయిన ఇంజనులో పిస్టన్ చుట్టూ ఉండే రింగులు సిలిండర్ గోడకు తుప్పుతో అతుక్కుని ఉంటాయి. ఆ స్థితిలో బలంగా కిక్కు కొడితే రింగు విరిగి, ఆ ముక్క సిలిండర్ గోడలో ఉండే పోర్టులో, అంటే మిశ్రమం, పొగ వచ్చిపోయే రంధ్రంలో పడి సిలిండర్‌ను గీరేస్తుంది. ప్లగ్గు విప్పి టార్చి వేసి చూస్తే గోడంతా గోధుమరంగు పొడి కనిపించింది. ప్లగ్గు రంధ్రంలో డీజిలూ, టూస్ట్రోక్ బండ్లకు పెట్రోలులో కలిపే టూటీ ఆయిలూ కలిపి పోసి రాత్రంతా నానబెట్టి, మర్నాడు ఇంజను పక్కన కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ చక్రం నట్టుకు పానా తగిలించి ముందుకు కొంచెం, వెనక్కి కొంచెం ఆడిస్తూ పోతే సాయంత్రానికి పిస్టన్ కదిలింది. సైలెన్సర్ గొట్టం చివర కుమ్మరి పురుగు కట్టిన మట్టిగూడు గట్టిగా బిగుసుకుని ఉంది. ఇంజను బాగున్నా ఆ గూడుతో అది స్టార్ట్ అయ్యేది కాదు.

కదిలింది గదా అని అలాగే నడిపిద్దామన్న ఆశ నాకూ కలిగింది గాని, ఉస్తాద్ ఒప్పుకోలేదు, ఆయన మాటే సరైనది. టూస్ట్రోక్ ఇంజనులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు పిస్టన్ కింద ఉండే క్రాంకు గదిలోకి వచ్చి, అక్కడి ఒత్తిడితో పైకి వెళ్తుంది. అందువల్ల క్రాంకు రెండు పక్కలా ఉండే ఆయిల్ సీళ్లకు ఎక్కడలేని ప్రాముఖ్యం ఉంటుంది. రబ్బరు ఎండిపోయి గట్టిపడితే మ్యాగ్నెట్ వైపు సీలు నుంచి బయటి గాలి చొరబడి మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ వేడెక్కి సీజ్ అవుతుంది, అంటే సిలిండర్‌లో బిగుసుకుపోతుంది. రెండో వైపు సీలు పోతే గేర్ ఆయిలు లోపలికి లాక్కుని తెల్లటి పొగ వస్తుంది. కొత్త సీళ్లు, బేరింగులు, ఒక సైజు పెద్ద పిస్టన్ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికాయి. లేతు షాపులో సిలిండర్‌కు బోరు వేయించాక, అంటే లోపలి గోడను కొత్త పిస్టన్ సైజుకు చెక్కించాక పోర్టుల అంచులను ఉస్తాద్ సన్నని ఆకురాయితో ఒక్కొక్కటిగా మొద్దుబార్చారు, ఎందుకంటే బోరు వేశాక అంచు కత్తిలా మిగిలితే రింగు దానికి తగులుకుంటుంది. రింగు కొసలు పోర్టువైపు తిరగకుండా పిస్టన్ గాడిలో ఒక చిన్న మేకు ఉంటుంది. రింగు సరిగ్గా ఆ మేకు దగ్గరే కలిసిందో లేదో వేలితో తడిమి చూసుకున్నాకే ఆయన సిలిండర్‌ను కిందికి దించారు.

కార్బురేటర్ గిన్నెలో పాత పెట్రోలు ఎండిపోయి బెల్లంపాకంలా అడుగంటింది. పెట్రోలు పోయే సన్నని రంధ్రాలుండే జెట్లు ఇత్తడివి కనుక ఉక్కు సూదితో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది. అందుకని కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు తీసి, దానితో శుభ్రం చేసి గాలి కొట్టారు. ట్యాంకులో తుప్పు మందుతో పాటు గుప్పెడు చిన్న నట్లు వేసి ఊపి, సోడా పొడి కలిపిన నీళ్లతో కడిగి, ఎండలో ఆరబెట్టాము. నల్లగొండ మే నెల ఎండ ఉపయోగపడిన పని నా ఎరుకలో ఇదొక్కటే. ఇప్పుడు బంకుల్లో వస్తున్న పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరును పాడుచేస్తుంది. అందుకే పెట్రోలు పైపు కొత్తది వేయించి, బండిని కొన్నాళ్లు వాడను అనుకున్నప్పుడు ట్యాపు కట్టేసి కార్బురేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజనును నడిపించి ఆపుతున్నాను. ఈ బండికి వేరే ఆయిల్ పంపు లేదు, లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల చొప్పున టూటీ ఆయిల్‌ను మనమే కలుపుకోవాలి.

ఇంత చేసినా నిప్పురవ్వ రాలేదు. మ్యాగ్నెట్ మూత తీసి చూస్తే, నిప్పురవ్వ కోసం కరెంటును తెంచి కలిపే పాయింట్ల ముఖం మీద బూడిదరంగు పొర పట్టి ఉంది. సన్నని గరుకు కాగితంతో రుద్ది, సందు కొలిచే సన్నని రేకు, అంటే ఫీలర్ గేజ్‌తో 0.4 మిల్లీమీటర్ల సందు పెట్టి, కండెన్సర్ మార్చాక, ప్లగ్గును ఇంజను హెడ్డుకు ఆనించి కిక్కు కొడితే నీలిరంగు రవ్వ టక్కుమని దూకింది.

బ్రేక్ షూలు, కేబుళ్లు, టైర్లు, ట్యూబులు అన్నీ కొత్తవే వేయించాను. అక్కడ బేరమాడవలసిన పని లేదు. ఒకదానికొకటి అతుక్కుపోయిన క్లచ్ ప్లేట్లను విడదీసి కడిగితే సరిపోయింది. రంగు వేయించమని చూసినవారంతా సలహా ఇచ్చారు గాని, పాల క్యాన్ల కొక్కేలు ఒరుసుకుని ట్యాంకు పక్కన పడిన గీతలతో సహా పాత నలుపునే ఉంచాను. రంగుకు పోసే డబ్బుతో మొత్తం వైరింగు మారుతుంది, వైరింగే మార్పించాను.

ఇంజను కుదురుకునేదాకా ఒకే వేగంతో ఎక్కువసేపు పోకుండా, గంటకు నలభై కిలోమీటర్లు దాటకుండా, తెల్లవారుజామున పానగల్లు చెరువు కట్ట దాకా నడిపి తెచ్చేవాడిని. దిగుడులో రేసు పూర్తిగా వదిలేస్తే పెట్రోలుతో పాటు ఆయిలు కూడా అందక పిస్టన్ పొడిబారుతుంది కనుక, మధ్యమధ్య కొంచెం రేసు ఇస్తూ రావాలి. తనిఖీకి వెళ్లే ముందు థర్డ్ పార్టీ బీమా తీసుకున్నాను. ఇన్‌స్పెక్టర్ ఛాసిస్ నంబరు, హారను, బ్రేకులు చూసి హెడ్‌లైటు వేయమన్నారు. 6 వోల్టుల దీపం ఐడిల్‌లో మిణుకుమిణుకుమంటుందని, ఆ సమయంలో రేసు కొంచెం పట్టి ఉంచమని ఉస్తాద్ ముందే చెప్పి పంపారు. అలాగే పట్టి ఉంచాను, ఐదేళ్లకు పొడిగింపు వచ్చింది.