నొప్పిని రాసుకున్న మూడు నెలలు

ఆరు నెలలకు మించి పొత్తికడుపు కింద నిలిచిపోయే నొప్పిని దీర్ఘకాలిక కటి నొప్పి అంటారని తెలిసేసరికి నాకు దానితో నాలుగేళ్లు గడిచాయి. "నెలసరి నొప్పే కదమ్మా, ఓర్చుకోవాలి" అన్న మాట ఇంట్లోనూ, ఆసుపత్రిలోనూ విన్నాను.

చివరకు ఫోన్‌లోని ఒక యాప్‌లో ప్రతి రాత్రీ నొప్పిని 0 నుంచి 10 వరకు గుర్తిస్తూ, నెలసరి రోజు, నిద్ర, మలబద్ధకం, మింగిన మాత్రలు కూడా రాయడం మొదలుపెట్టాను. మూడు నెలల తర్వాత చూస్తే, నెలసరి లేని రోజుల్లో కూడా, ముఖ్యంగా గంటల తరబడి కుర్చీలో కూర్చున్న రోజుల్లో, నొప్పి 7 దాటింది. ఖమ్మం నుంచి నేను వీడియోలో మాట్లాడిన హైదరాబాద్ వైద్యురాలు యాప్‌లోని ఆ నొప్పి గీతలు చూసి, అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్నలు అడిగారు. ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొరలాంటి కణజాలం దాని బయట పెరిగే జబ్బు) ఉందేమో చూడాలని, స్వయంగా పరీక్షకు రమ్మన్నారు. కండరాల బిగువును తెర మీద తాకి చూడలేరు కదా.

ఎండోమెట్రియోసిస్ ఉందని తేలింది. మూత్రాశయాన్నీ గర్భాశయాన్నీ కింది నుంచి మోసే కటి అడుగు కండరాలు కూడా బిగుసుకుపోయి ఉన్నాయన్నారు. అంతకుముందు మరో యాప్ చెప్పినట్టు ఆ కండరాలను బిగించి వదులుతూ నేను రోజూ చేసిన కెగెల్ వ్యాయామాలు, బిగిసిన కండరాన్ని మరింత బిగించేవని అప్పుడే అర్థమై చాలా బాధపడ్డాను. మందులతో పాటు, ఊపిరిని పొట్టలోకి నింపుతూ ఆ కండరాలను వదులు చేయడం ఫిజియోథెరపిస్టు వారం వారం వీడియోలో నేర్పారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఎండోమెట్రియోసిస్ దాదాపు 19 కోట్ల మందికి ఉంది. నిన్న రాత్రి నేను రాసిన అంకె 3.