ఒక్క మిల్

సైన్యంలో ఫిరంగి దళానికి శిక్షణ ఇచ్చే గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ఉస్తాద్‌గా, అంటే శిక్షకుడిగా, నా చివరి బ్యాచ్ నిన్న పాసవుట్ అయింది. 1962 నుంచి ఇక్కడ గన్నర్లు తయారవుతూనే ఉన్నారు. అయినా రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

శ్రీకాకుళం కుర్రాడొకడు గుర్తొస్తున్నాడు. బలవంతుడు, పరుగులో ముందుండేవాడు. 105 ఎం.ఎం. ఫీల్డ్ గన్ సైట్, అంటే గురి చూసే పరికరం, దగ్గర కూర్చుంటే మాత్రం చేతులు వణికేవి. హిందీలో ఆర్డర్ వినగానే టెన్షన్. మా దగ్గర దిశ కొలిచేది డిగ్రీల్లో కాదు, మిల్స్‌లో. ఒక పూర్తి చుట్టుకు 6400 మిల్స్. ఒక్క మిల్ తప్పితే 10 కిలోమీటర్ల దూరంలో గుండు దాదాపు 10 మీటర్లు పక్కకు పోతుంది. ముందున్నది మన ఇన్‌ఫాంట్రీ జవాన్లే కావచ్చు. అందుకే వాడి మీద చాలాసార్లు అరిచాను. ఒక సాయంత్రం పక్కన కూర్చుని అంకెలన్నీ తెలుగులో చెప్పించాను, తర్వాత హిందీలో. అలా వారం రోజులు. ఆ పని మొదటి రోజే చేయాల్సింది, ఆ బాధ నాకు ఇంకా ఉంది.

ఫీల్డ్ ఫైరింగ్ రోజు సైట్ మీద వాడే. చేయి వణకలేదు.

నిన్న పరేడ్ అయ్యాక వాళ్లమ్మను తీసుకొచ్చి "మా ఉస్తాద్" అని చూపించాడు. ఆవిడ రెండు చేతులూ జోడించింది. నాకు మాట రాలేదు.