కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాక మా హెచ్‌ఆర్ పని

లేబర్ కోడ్‌లంటే ఉద్యోగుల జీతాలు, పని షరతుల గురించిన నాలుగు చట్టాలు. వాటిలో వేతనాల కోడ్ 2019లో, మిగతా మూడు కోడ్‌లు 2020లో పార్లమెంటులో పాసయ్యాయి. "వస్తున్నాయి, వస్తున్నాయి" అని ఏళ్లకేళ్లు విని పట్టించుకోవడం మానేశాం. తీరా 2025 నవంబర్ 21న నాలుగూ ఒకేసారి అమల్లోకి వచ్చాయి. చిన్న కంపెనీలో హెచ్‌ఆర్ పనంతా నాదే కాబట్టి పాలసీలు తిరగరాసే పని నా నెత్తిన పడింది.

మొదటి వారమంతా ఒకటే ప్రశ్న. "మేడం, నెలకి చేతికొచ్చేది తగ్గుతుందా?" వాట్సాప్ మెసేజ్‌ల పుణ్యం! ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఒక లెక్క వేసి అందరికీ చూపించాను. జీతం 40,000. అందులో బేసిక్ 16,000, మిగతా 24,000 ఇంటి అద్దె, ప్రయాణం లాంటి అలవెన్సులు. వేతనానికి ఇచ్చిన కొత్త నిర్వచనం ప్రకారం ఇలాంటి అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత వేతనంలో కలపాలి. అలా 4,000 కలిసి వేతనం 20,000 అయింది. పీఎఫ్ మేం 15,000 పరిమితి మీదే కడతాం కాబట్టి పాత 1,800 అలాగే ఉంది, చేతికొచ్చేదీ తగ్గలేదు. మారింది గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి కంపెనీ ఇచ్చే మొత్తం. ఏడాది సర్వీసుకు 9,231 వచ్చేచోట 11,538 వస్తుంది. స్టాఫ్ ఊపిరి పీల్చుకున్నారు, మా అకౌంట్స్ ఆయన మాత్రం మొహం మాడ్చుకున్నారు.

నిజానికి నాకు టెన్షన్ పెట్టింది ఈ సగం లెక్క కాదు, ఫైనల్ సెటిల్‌మెంట్. మనిషి తనంతట తాను మానేసినా, మనం తీసేసినా, రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. మా దగ్గర అది నెలన్నర వ్యవహారం. ఉద్యోగి కంపెనీకి బాకీ ఏమీ లేదని ఒక్కో విభాగం సంతకం పెట్టే నో డ్యూస్ ఫారం ఐటీ వాళ్ల టేబుల్ మీద కొన్నాళ్లు, అడ్మిన్ దగ్గర కొన్నాళ్లు పడుండేది. ఆఖరి సంతకం పెట్టాల్సిన మేనేజర్ అప్పుడే లీవులో ఉంటారు. వెళ్లిపోయేవాళ్ల డబ్బు గురించి ఎవరికీ తొందర ఉండదు మరి. ఇప్పుడా ఫారం నోటీసు పీరియడ్‌లోనే తిరుగుతుంది. చివరి రోజు పొద్దున లాప్‌టాప్ అప్పగింత, మధ్యాహ్నానికి సెలవుల లెక్క, సాయంత్రం బ్యాంకుకు ఫైలు. నెలాఖరు జీతాలతో కలపకుండా విడిగా చెల్లింపు పెట్టడానికి అకౌంట్స్‌ను ఒప్పించడమే అన్నిటికంటే కష్టమైంది. గ్రాట్యుటీకి 30 రోజుల గడువు ఉంది కాబట్టి దాన్ని వేరే వరుసలో ఉంచాను.

అందరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వడం తేలిగ్గానే అయిపోయింది.

ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగుల దగ్గర, అంటే నిర్ణీత కాలానికి కాంట్రాక్టు మీద తీసుకునేవాళ్ల విషయంలో మాత్రం వాదన జరిగింది. వాళ్లకు మిగతా ఉద్యోగుల్లా ఐదేళ్లు ఆగనక్కర్లేదు, ఏడాది పూర్తయితే గ్రాట్యుటీ ఇవ్వాలి. ఒక మేనేజర్ వెంటనే, "అయితే కాంట్రాక్టు పదకొండు నెలలకే రాసేద్దాం" అన్నారు. తెలివైన ఉపాయంలాగే కనిపిస్తుంది. నేను పై లెక్కే మళ్లీ ఆయన ముందు పెట్టాను. 11,538 మిగుల్చుకోవడానికి పని నేర్చిన మనిషిని పంపేసి, కొత్త మనిషి కోసం కన్సల్టెన్సీకి ఒక నెల జీతం కట్టాలి. ఆ తర్వాత మళ్లీ పని నేర్పాలి. ఆయన కాసేపు క్యాలిక్యులేటర్ నొక్కి, "సరే, ఏడాదికే రాయండి" అన్నారు. గ్రాట్యుటీ లైను ఇప్పుడు మా కాంట్రాక్టు నమూనాలోనే ఉంది.