సముద్రానికి అటు ఉద్యోగం, ఇటు ఇల్లు

మాది చిత్తూరు జిల్లా గుడిపాల మండలం. మా పక్క కాన్పు కష్టమైనా, కాలు విరిగినా వేలూరు ఆసుపత్రే దిక్కు. నరహరిపేట చెక్‌పోస్టు దాటితే తమిళనాడు అని అందరికీ తెలుసు. అయినా వేలూరు పోవడాన్ని మా అమ్మ ఏనాడూ ఇంకో రాష్ట్రానికి పోవడంగా లెక్కెయ్యలేదు. కుప్పం వాళ్లు పొద్దున్నే రైలెక్కి బెంగళూరులో పని చేసుకుని రాత్రికి ఇల్లు చేరతారు. శ్రీసిటీ ఫ్యాక్టరీలకు తమిళనాడు వైపు నుంచి రోజూ జనం వస్తారు. తిరుత్తణి 1960 దాకా మా జిల్లాలోదే. గీత జరిగిందే గానీ చుట్టరికాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అట్లాంటి చోటు నుంచి నేను స్వీడన్‌లోని మాల్మోకు సాఫ్ట్‌వేర్ పని మీద వచ్చాను. మబ్బు లేని రోజున ఒడ్డున నిలబడితే అవతల డెన్మార్క్ కనిపిస్తుంది. మధ్యలో ఓరెసుండ్ జలసంధి. దాని మీద 2000 జులైలో తెరిచిన వంతెన దాదాపు ఎనిమిది కిలోమీటర్లు సాగి, మనుషులే కట్టిన ఒక దీవి మీద దిగి, ఆ పైన నాలుగు కిలోమీటర్ల సొరంగంలో దూరి కోపెన్‌హాగన్ విమానాశ్రయం పక్కన పైకి తేలుతుంది. రైల్లో అయితే నలభై నిమిషాలకు అటూ ఇటూగా రాజధాని నడిబొడ్డుకు చేరిపోతాం. జీతాలు అటు ఎక్కువ, ఇళ్ల ధరలు ఇటు తక్కువ. అందుకే వేల మంది ఇటు కాపురం పెట్టి అటు పనికి పోతారు. 2002లో డెన్మార్క్ ఒక నియమం పెట్టింది: విదేశీ భార్యనో భర్తనో తెచ్చుకోవాలంటే ఇద్దరికీ 24 ఏళ్లు నిండి ఉండాలి. దాంతో పెళ్లాన్ని సొంత దేశానికి తెచ్చుకోలేని డేన్లు చాలామంది మాల్మోలో ఇళ్లు తీసుకున్నారు. ఉద్యోగం డెన్మార్క్‌లోనే, కాపురం మాత్రం పరాయి దేశంలో!

ఈ రాకపోకలకు పునాది వంతెన కంటే చాలా పాతది. ఉత్తర యూరప్‌లోని స్వీడన్, డెన్మార్క్, నార్వే లాంటి నార్డిక్ దేశాల పౌరులు ఒకరి దేశానికి ఒకరు పాస్‌పోర్టు లేకుండా పోవడం 1952లోనే మొదలైంది. అనుమతి పత్రం అడక్కుండా పొరుగు దేశంలో ఉద్యోగం చేసుకునే ఒప్పందం 1954లో వచ్చింది. జబ్బు చేసినా, ముసలితనం వచ్చినా ఏ దేశం చూసుకోవాలో తేల్చే సామాజిక భద్రత ఒప్పందం 1955లో కుదిరింది.

ఇవన్నీ వాళ్ల పౌరులకు. ఆ సంగతి నాకు ఉద్యోగం పిలిచినప్పుడు అనుభవంలోకి వచ్చింది. కోపెన్‌హాగన్ కంపెనీ ఒకటి నన్నూ, నా పక్క సీటు స్వీడన్ కుర్రాణ్ణీ రమ్మంది. అతను నోటీసు ఇచ్చి, గడువు అయ్యాక సోమవారం ఉదయం రైలెక్కాడు, అంతే. నాకున్నది స్వీడన్ ఇచ్చిన పని అనుమతి. ఒక్క వీసాతో యూరప్ దేశాల మధ్య తిరగనిచ్చే షెంగెన్ ఒప్పందం పుణ్యమా అని సాయంత్రం అటు పోయి షికారు చెయ్యొచ్చు, కుర్చీలో కూర్చుని పని మాత్రం చెయ్యకూడదు. డెన్మార్క్ అనుమతికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. పోనీ పెట్టుకుందామా అంటే, స్వీడన్‌లో నేను ఉండగలుగుతున్నదే ఇక్కడి ఉద్యోగం వల్ల. దాన్ని వదిలితే ఇంటికే ఎసరు. తర్వాత శాశ్వత నివాసం వచ్చింది గానీ, అది స్వీడన్ గడప వరకే. చాలాకాలంగా ఉంటున్న విదేశీయులు ఇంకో సభ్యదేశానికి మారడానికి యూరోపియన్ యూనియన్ చేసిన చట్టంలోనూ, నైపుణ్యమున్న విదేశీ ఉద్యోగుల కోసం పెట్టిన బ్లూ కార్డ్ పథకంలోనూ డెన్మార్క్ చేరలేదు.

మిగిలింది స్వీడన్ పౌరసత్వం. అప్పట్లో ఐదేళ్ల నివాసం చూసేవాళ్లు. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి భారత పాస్‌పోర్టు అప్పగించేసి, విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్లకిచ్చే ఓసీఐ కార్డు తీసుకోవాలి. నాయనకు ఫోన్‌లో చెప్పాను.

"ఏంరా, ఏరు దాటి పనికి పోవడానికి దేశమే మార్చుకోవల్లా?"

"ఏరు కాదు నాయనా, సముద్రం."

"ఏదైతే ఏముందిలే. ఓటుంటుందా?"

"ఉండదు."

"మరి చేను?"

"కొత్తగా కొనకూడదు. నీ తర్వాత నాకు రావచ్చు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సరే, ఆలోచించుకో" అని అమ్మకు ఫోన్ ఇచ్చేశాడు.

పౌరసత్వం వచ్చాక ఉద్యోగం నిజంగానే సులువైంది. అసలు తంతు అప్పుడే మొదలైంది. స్వీడన్‌లో మనిషంటే ఒక నంబరు, దాంతో వచ్చే బ్యాంక్ఐడీ అనే ఆన్‌లైన్ గుర్తింపు. డెన్మార్క్‌లో ఇంకో నంబరు, ఇంకో మిట్ఐడీ. ఇది అక్కడ చెల్లదు, అది ఇక్కడ చెల్లదు. జీతం పడాలంటే అక్కడి ఖాతా కావాలి, ఖాతా తెరవాలంటే అక్కడి గుర్తింపు కావాలి, గుర్తింపుకు మళ్లీ యజమాని కాగితం కావాలి. పన్ను డెన్మార్క్‌కే కడతాను. వాళ్లు వంతెన దాటే ఖర్చుకు ప్రత్యేకంగా పన్నులో మినహాయింపు కూడా ఇస్తారు, ఆ మర్యాద ఒప్పుకోవాలి. మాల్మో రాజకీయ నాయకుల గొణుగుడూ న్యాయమే: పిల్లల బడి, రోడ్లు మావి, పన్ను మాత్రం వాళ్లకా అని.

ఎక్కువ చిక్కు సామాజిక బీమాతో. యూరప్ నియమం ప్రకారం మనిషికి ఒక్క దేశం బీమానే ఉండాలి, అది సాధారణంగా పనిచేసే దేశానిది. అంటే నేను డెన్మార్క్ మనిషిని. పిల్లాడికి జ్వరం వస్తే స్వీడన్‌లో తల్లో తండ్రో ఇంట్లో ఉండి జీతంలో దాదాపు 80 శాతం బీమా నుంచి పొందొచ్చు. దాన్ని ఇక్కడ వాబ్ అంటారు. చలికాలంలో ఆఫీసుల్లో సగం మంది దాని మీదే ఉంటారు. నేను వంతెన దాటి ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఆ సౌకర్యం నాకు లేదు. డెన్మార్క్‌లో జబ్బుపడ్డ పిల్లాడి కోసం దొరికే సెలవు సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజులకే, అదీ యూనియన్ ఒప్పందాన్ని బట్టి. ఇప్పుడు మా ఇంట్లో జ్వరాలన్నీ స్వీడన్ ఉద్యోగం చేసే నా భార్య ఖాతాలోకే పోతాయి. ఆమె పైఅధికారికి నా వంతెన ఉద్యోగం మీద ఏమంత ప్రేమ లేదు.

ఇంకో మెలిక ఉంది. ఉండే దేశంలో చేసే పని మొత్తంలో నాలుగో వంతుకు చేరితే బీమా అటువైపు మారిపోవచ్చు. మారితే కోపెన్‌హాగన్ యజమాని స్వీడన్‌కు చందా కట్టాలి, అది జీతం మీద 30 శాతం పైనే. ఇట్లా మారడం ఇష్టం లేక కొందరు యజమానులు ఉద్యోగి మాల్మోలో చిన్న పార్ట్‌టైం పని పెట్టుకుంటానన్నా వద్దంటారు. పన్నుకు ఇంటి నుంచి పని చేసిన రోజుల లెక్క వేరే. 2025 జనవరి నుంచి రెండు దేశాల కొత్త పన్ను ఒప్పందం అమల్లోకి వచ్చి ఆ లెక్క కొంత సడలింది.

ఇంత గోడు చెప్పాక ఒక మంచి మాట కూడా చెప్పాలి. నాకు ఈ దేశాల్లో బాగా నచ్చింది వంతెన కాదు. ఇట్లాంటి చిక్కుల్ని ఏరి పట్టుకోవడమే పనిగా పెట్టుకున్న మనుషులు ఉండటం. నార్డిక్ మంత్రుల మండలి 2014లో దీనికోసం ఒక మండలిని ఏర్పాటు చేసింది. ఒక దేశం చట్టానికీ పక్క దేశం చట్టానికీ మధ్య మనిషి ఇరుక్కున్న చోటల్లా అది ఒక అడ్డంకిగా జాబితాకు ఎక్కుతుంది. ఎలక్ట్రీషియన్ లైసెన్సు చెల్లకపోవడం, ఇక్కడి ఐడీ అక్కడ పనిచెయ్యకపోవడం, అన్నీ. చట్టం మార్చే అధికారం ఆ మండలికి లేదు. ఏ దేశం ప్రభుత్వాన్ని అడగాలో ఆ ప్రభుత్వాన్ని వదలకుండా అడుగుతూ ఉంటుంది. కొన్ని అడ్డంకులు పోతాయి, కొన్ని ఏళ్ల తరబడి అట్లే ఉంటాయి. మామూలు జనం సందేహాలకు మాల్మోలోనే ఓరెసుండ్‌డైరెక్ట్ అనే సేవ ఉంది. నా బీమా ప్రశ్నకు రెండు దేశాల నియమాలూ పక్కపక్కన పెట్టి ఒకే మనిషి జవాబు చెప్పింది అక్కడే. ఉత్తరాన స్వీడన్, ఫిన్లాండ్ సరిహద్దులో హపరండా, టోర్నియో అని జంట ఊళ్లున్నాయి. వాటి గడియారాలకు గంట తేడా. అక్కడి వాళ్లకు బస్సు వేళలు కూడా సరిహద్దు సమస్యే.

తీసేసిన తలుపులు మళ్లీ రావని కాదు. 2016 జనవరి నుంచి మరుసటి ఏడాది మే దాకా స్వీడన్‌కు వచ్చే ప్రయాణికులందరి గుర్తింపు కార్డులు రైలు కంపెనీలే చూడాలన్నారు. విమానాశ్రయం స్టేషన్లో అందరూ దిగి, ప్లాట్‌ఫాం మారి, వరసలో నిలబడాల్సి వచ్చేది. 2020 మార్చి 14న డెన్మార్క్ సరిహద్దు మూసింది. పనికి పోయేవాళ్లను మాత్రం కాగితం చూసి వదిలారు. ఆ ఏప్రిల్‌లో ఇంటి నుంచి ఇంకో వార్త వచ్చింది. వేలూరు జిల్లా అధికారులు చిత్తూరు వైపు రోడ్ల మీద, గుడియాత్తం దగ్గరి సైనగుంటతో సహా, ఏకంగా గోడలు కట్టించారు. విమర్శలు రావడంతో కొద్దిరోజుల్లోనే పగలగొట్టేశారు. మా అమ్మ మందులు అయిపోయింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

మనకు రాజ్యాంగం 19వ అధికరణమే దేశంలో ఎక్కడైనా తిరిగే, ఉండే, పనిచేసే హక్కు ఇచ్చింది. ఇక్కడి వాళ్లు దశాబ్దాలుగా ఒప్పందం మీద ఒప్పందం రాసుకుని సంపాదించుకున్నది మనకు ఒక్క వాక్యంలో దొరికింది. అయినా చిన్న చిన్న ముళ్లు ఉండనే ఉన్నాయి. 2025 జూన్‌లో ధర పడిపోయిందని చిత్తూరు జిల్లాలోకి బయటి రాష్ట్రాల తోతాపురి మామిడి రానివ్వలేదు, కర్ణాటక ముఖ్యమంత్రి ఉత్తరం రాసేదాకా పోయింది. మా రైతుల బాధా నిజమే, కోలారు రైతుల బాధా నిజమే. ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడించడమే ఉద్యోగంగా ఉన్న ఆఫీసు మాత్రం మూడు రాష్ట్రాల మధ్య నాకు కనబడలేదు.

పోయిన సెలవులకు ఊరికి పోయినప్పుడు మా బావకు ఈ మండలి సంగతి చెప్పాను. ఆయన హోసూరులో ఒక చిన్న ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు, వారాంతానికి చిత్తూరు వస్తాడు. కారు మన రాష్ట్రం నంబరుది. ఏడాది దాటి అక్కడే ఉంచుకుంటే తమిళనాడులో మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. దానికి ఇక్కడి నుంచి నిరభ్యంతర పత్రం, అక్కడ కొత్తగా పన్ను, ఇక్కడ కట్టిన లైఫ్ ట్యాక్సులో మిగిలింది వెనక్కి రావాలంటే ఇంకో దరఖాస్తు. రాష్ట్రం మారినా మళ్లీ రిజిస్ట్రేషన్ అక్కర్లేని బీహెచ్ నంబరు తీసుకుందామంటే, నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులున్న కంపెనీ అయితేనే ప్రైవేటు ఉద్యోగికి అది దొరుకుతుంది. ఆయన ఫ్యాక్టరీకి ఉన్నది ఒక్క షెడ్డు.

"అయితే బామ్మర్దీ, మన పక్క ఇదంతా ఎవురికి రాయల్ల?" అన్నాడు.

ఏ రవాణా ఆఫీసులో ఏ కాగితం అడగాలో ఇద్దరం కూర్చుని ఒక జాబితా రాసుకున్నాం. పై వారం ఆయన ఆ కారు చిత్తూరులోనే అమ్మేసి, తమిళనాడు నంబరున్న పాత కారు ఒకటి హోసూరులో కొనుక్కున్నాడు.