కెయిన్ ప్రైజ్: కథ చదివే ముందు నిబంధనలు చదవండి

కెయిన్ ప్రైజ్‌కి రచయిత తన కథని తనే పంపుకోవడం కుదరదు. అచ్చేసిన పత్రిక సంపాదకుడో, సంకలనం తెచ్చిన ప్రచురణకర్తో పంపాలి. ఆఫ్రికా కథకి ఇచ్చే ఈ బహుమతి పాతికేళ్ల చరిత్రలో సగం ఈ ఒక్క నిబంధనలోనే ఉంది. అందుకే విజేతల జాబితా చేతికొస్తే దేశాలు లెక్కపెట్టకండి. కథ మొదట ఎక్కడ అచ్చయిందో చూడండి.

బుకర్ బహుమతి నిర్వాహక సంఘానికి దాదాపు పాతికేళ్లు అధ్యక్షుడిగా ఉన్న సర్ మైఖేల్ కెయిన్ పేరు మీద 2000లో ఇది మొదలైంది. తొలి బహుమతి హరారేలో, జింబాబ్వే అంతర్జాతీయ పుస్తక ప్రదర్శనలో, సూడాన్ రచయిత్రి లైలా అబులేలాకి ఇచ్చారు. మొదట్లో 15,000 డాలర్లు ఇచ్చేవారు, తర్వాత దాన్ని 10,000 పౌండ్లు చేశారు. న్యాయనిర్ణేతలు ఐదుగురు, ఏటా మారుతుంటారు. తుది జాబితాలో ఐదు కథలుంటాయి.

కథ 3,000 నుంచి 10,000 పదాల మధ్య ఉండాలి. ఈ కొలత చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. ఒక పేజీ కథలు, ఫోన్‌లో చదివేందుకు రాసే పొట్టి కథలు గడప దగ్గరే ఆగిపోతాయి. అచ్చుకాని కథలు, సొంత ఖర్చుతో వేసుకున్నవి, పిల్లల కథలు, నాటకాలు, వాస్తవ రచనలు కూడా అంతే. ఒక రచయిత నుంచి ఏడాదికి ఒక్క కథే తీసుకుంటారు. కాబట్టి ఒకే రచయితవి రెండు పత్రికల్లో రెండు మంచి కథలొస్తే, ఏది వెళ్లాలో ముందే తేల్చుకోవాలి.

ఇక వాస్తవ రచన సంగతి. 2002లో గెలిచిన కెన్యా రచయిత బిన్యవాంగా వైనైనా కథలో ఒక యువకుడు దక్షిణాఫ్రికా నుంచి ఇంటికొస్తాడు, కుటుంబంతో కలిసి ఉగాండాలోని అమ్మమ్మగారి ఊరికి వెళ్తాడు. అది ఆయన జీవితమే. కథ అనుకుంటే కథ, ప్రయాణ వ్యాసం అనుకుంటే ప్రయాణ వ్యాసం. నిబంధనని గీత గీసినట్టు పాటించి ఉంటే అది గెలిచేదే కాదు. పైగా అది అచ్చు పత్రికలో కాదు, ఇంటర్నెట్ పత్రికలో వచ్చింది. 2002 నాటికి అదీ కొత్తే.

ఆ బహుమతి డబ్బుని వైనైనా ఏం చేశాడన్నది ఇంకా ముఖ్యం. నైరోబీలో ‘క్వానీ?’ అనే సాహిత్య పత్రిక మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది, 2003లో, అదే పత్రికలో పడిన ఇవోన్ ఒవూర్ కథకి కెయిన్ ప్రైజ్ వచ్చింది. రువాండా మారణకాండ నుంచి తప్పించుకుని నైరోబీ చేరిన ఒక రాచకుటుంబం శరణార్థులుగా ఎలా దిగజారిపోయిందో చెప్పే పొడవాటి కథ అది. పత్రిక లేకపోతే అంత పొడవు కథని ఎవరు వేస్తారు? వేసేవాళ్లు లేకపోతే పంపేవాళ్లూ ఉండరు.

‘షార్ట్ స్టోరీ డే ఆఫ్రికా’ సంకలనాలూ ఇదే చెబుతాయి. 2014లో ఓక్విరి ఒదూర్, 2022లో ఇద్జా లుహుమ్యో గెలిచిన కథలు రెండూ ఆ సంకలనాల్లోంచి వచ్చినవే. దీన్ని అదృష్టం అనలేం. కథని పట్టుకుని నెలల తరబడి దిద్దే సంపాదకులు ఉన్నచోట పంట బాగా పండుతుంది.

భాష విషయంలో మాత్రం ఈ బహుమతి మీద నా అభిప్రాయం కాస్త కఠినంగానే ఉంటుంది. కథ ఇంగ్లీషులో ఉండాలి, లేదా ఇంగ్లీషు అనువాదం అచ్చయి ఉండాలి. అనువాద కథ గెలిస్తే అనువాదకుడికి వాటా ఇస్తారు. 2017లో సూడాన్ రచయిత బుష్రా అల్ ఫాదిల్ అరబ్బీ కథ గెలిచినప్పుడు రచయితకి 7,000 పౌండ్లు, అనువదించిన మాక్స్ ష్మూక్లర్‌కి 3,000 పౌండ్లు వెళ్లాయి. పంపకం న్యాయంగానే ఉంది. కానీ అంతదాకా వచ్చేదెవరు? స్వాహిలీలోనో, ఫ్రెంచిలోనో, పోర్చుగీసులోనో రాసిన కథకి ముందు అనువాదకుడు దొరకాలి, తర్వాత దాన్ని వేసే ఇంగ్లీషు పత్రిక దొరకాలి, ఆ సంపాదకుడికి గడువు గుర్తుండాలి. మూడింట్లో ఏది తప్పినా కథ ఇంటి దగ్గరే ఉండిపోతుంది. 2000 నుంచి లెక్కేస్తే నైజీరియా, కెన్యా, దక్షిణాఫ్రికా, జింబాబ్వే పేర్లే మళ్లీ మళ్లీ వినిపించడానికి పెద్ద కారణం ఇదే. సెనెగల్‌కి తొలి విజయం 2023లో గానీ రాలేదు. అదీ వోప్పా డియాలో, మామే బుగూమా డియెన్ ఇద్దరూ కలిసి రాసిన కథకి.

ఎవరు ఆఫ్రికా రచయిత అన్న ప్రశ్నకి నిబంధనల్లో జవాబు సులువుగానే ఉంది. ఆఫ్రికాలో పుట్టి ఉండాలి, లేదా అక్కడి పౌరసత్వం ఉండాలి, లేదా తల్లిదండ్రుల్లో ఒకరు అక్కడివాళ్లై ఉండాలి. గొడవ వచ్చేది బయట. 2013లో గెలిచిన టోపే ఫోలారిన్ అమెరికాలోని యూటాలో పుట్టాడు. అమ్మానాన్నలు నైజీరియన్లు. నిబంధన ప్రకారం అర్హుడే, అయినా "ఇతను మనవాడేనా" అన్న వాదన చాలాకాలం నడిచింది.

అసలు పెద్ద వాదన కథల్లో ఏముంటుందన్నదాని మీద. 2011లో గెలిచిన జింబాబ్వే రచయిత్రి నోవయోలెట్ బులవాయో కథలో ఆరుగురు పిల్లలు తమ మురికివాడ నుంచి బుడాపెస్ట్ అనే ధనవంతుల పేటకి జామకాయలు దొంగిలించడానికి వెళ్తారు. వాళ్లలో ఒక పదేళ్ల పిల్ల గర్భవతి. తిరుగుదారిలో చెట్టుకి ఉరేసుకున్న ఆడమనిషి కనిపిస్తుంది. భయపడి పరిగెత్తినవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. ఆమె బూట్లు అమ్మితే రొట్టె కొనుక్కోవచ్చు కదా! మళ్లీ వెనక్కి ఉరుకుతారు, నవ్వుకుంటూ. ఆ నవ్వు దగ్గరే పాఠకులు రెండు వర్గాలైపోయారు. పాశ్చాత్యులకి నచ్చే దుఃఖాన్ని వరసగా పేర్చారని కొందరన్నారు. ఇదే కథ మొదటి అధ్యాయంగా నవల వచ్చాక, 2001 విజేత హెలోన్ హబీలా కూడా సమీక్షలో ఇంచుమించు ఆ మాటే అన్నాడు. నాకైతే ఆ విమర్శ కథకన్నా బహుమతికే ఎక్కువ తగులుతుంది. పిల్లల గొంతు అబద్ధం కాదు. కానీ అలాంటి కథలే వరసగా గెలుస్తుంటే కొత్తగా రాసేవాళ్లు ఆ అచ్చులోనే పోస్తారు. 2012లో న్యాయనిర్ణేతల అధ్యక్షురాలు బెర్నర్డీన్ ఎవరిస్టో ఈ మూసని దాటాలని బాహాటంగానే కోరింది. ఆ ఏడాది గెలిచింది రోటిమీ బాబాతుండే కథ. రెండో ప్రపంచయుద్ధంలో బర్మాలో పోరాడి నైజీరియాకి తిరిగొచ్చిన సైనికుడొకడు పాత జైలుభవనంలో కాపురం పెట్టి, దాన్నే స్వతంత్ర దేశంగా ప్రకటించుకుంటాడు. హాయిగా నవ్విస్తూనే కాలుస్తుంది.

మూస పడటానికి కెయిన్ ప్రైజ్ వాళ్లే నడిపే వర్క్‌షాప్ కూడా కొంత కారణమేమో. 2003 నుంచి దాదాపు ఏటా ఏదో ఒక ఆఫ్రికా దేశంలో పదిమంది పైచిలుకు రచయితల్ని పోగేసి, పదీ పన్నెండు రోజుల్లో తలా ఒక కథ రాయిస్తూ వచ్చారు. అవి సంకలనంగా వస్తాయి, వాటంతటవే తర్వాతి పోటీలోకి వెళ్తాయి. ప్రచురణకర్త కోసం తిరగక్కర్లేదు, అది మేలే. కానీ గడువు పెట్టి రాయించిన కథల్లో మొదటి పేజీ బిగువుగా ఉండి ముగింపు తొందరపడటం తరచు కనిపిస్తుంది.

2015లో జాంబియా రచయిత్రి నమ్వాలీ సెర్పెల్ గెలిచి, రచయితల్ని ఒకరి మీదకొకరిని పోటీకి దింపడమే తనకి నచ్చదంటూ, ఆ 10,000 పౌండ్లని తుది జాబితాలోని మిగతా నలుగురితో పంచుకుంది. మరుసటి ఏడాది బహుమతి మళ్లీ ఒక్కరికే ఇచ్చారు.